రొమ్ముటెముక చాటున థైమస్

పులిగడ్డకు దిగువ కృష్ణానది రెండు పాయలై చీలి సముద్రమును చేరులోపల ఆ పాయల నడుమ నిలిచిన దివిసీమలో, దమ్ములు సాగి నాట్లు పడు దినములు వచ్చెనన్న, పాముకాటు తగిలిన రైతులును కూలీలును అవనిగడ్డ ఆసుపత్రికి వరుసగా వచ్చుట అచ్చటివారికి క్రొత్త వార్త కాదు. 2018 ఆగష్టులో ఈ కాట్లు మిక్కుటమై జనులు భీతిల్లినప్పుడు, సుబ్రహ్మణ్యేశ్వరుడు వెలసిన మోపిదేవిలో సర్పశాంతి యాగమును సైతము జరిపిరి. కఱచినది రక్తపింజరి యైనచో నెత్తురు గడ్డకట్టుట మానును. త్రాచైనచో తొలుత కనిపించు గుర్తు వేరు. రోగికి తెలివి ఉండును, పిలిచిన పలుకును, కాని కనురెప్పలు వానియంతట అవి క్రిందికి జారుచుండును. వైద్యుడు వ్రేలు పైకెత్తి దానివంక చూడుమనగా నుదుట ముడతలు పడునే గాని రెప్ప లేవదు. కొంతసేపటికి గుటక పడదు; మాట ముక్కుతో పలికినట్లగును; తుదకు ఊపిరి తీయు కండరములు సైతము సడలిపోవును.

ఇదే వాలిన రెప్ప, ఇదే ముక్కుమాట, ఇదే గుటకపడమి, ఏ పామును కఱవని మనుష్యులయందును కానవచ్చును. ఉదయము లేచునప్పటికి చక్కగా నుండి, ప్రొద్దు వాలినకొలది రెప్పలు బరువెక్కి, దీపమొక్కటి రెండుగా కనబడి, అన్నము నమలుచుండగా నడుమనే దవడ అలసిపోవు ఈ వ్యాధికి మయస్తీనియా గ్రావిస్ అని పేరు. కండ్లజోడు మార్చినచో పోవునని కొందరు, నీరసమని కొందరు, దిష్టియని కొందరు నెలల తరబడి కాలము గడపి, తుదకు విజయవాడకో గుంటూరుకో వచ్చి నరముల వైద్యుని చూతురు. ఆయన రబ్బరు తొడుగులో మంచుగడ్డ నుంచి వాలిన రెప్పమీద రెండు నిమిషములు ఆనించి తీయగా ఆ రెప్ప కొన్ని నిమిషములపాటు పైకి లేచుట, చూచువారికి అద్భుతముగా తోచును. చలువకు నరము కండరమును కలియు సంధిస్థానమున, ఆజ్ఞను మోయు రసాయనపు విచ్ఛేదము మందగించుటయే దానికి కారణము. ఇచ్చట విషము వెలుపలనుండి వచ్చినది కాదు. దేహమే తనపై ప్రయోగించుకొను అస్త్రమును తానే తయారుచేసికొన్నది. ఆ అస్త్రము పుట్టిన చోటును వెదకుచు పోయిన వైద్యులు చేరినది కన్నును గాదు, కండరమును గాదు. రొమ్ముటెముక వెనుక, గుండెకు పైభాగమున ఒదిగియుండు థైమస్ అను మెత్తని గ్రంథిని.

కదలవలెనని మనసు తలచినంతనే నరము చివర ఎసిటైల్‌కొలీన్ అను రసాయనము వెలువడి, సన్నని సందును దాటి, కండరపు పైపొరమీద దానికై కాచుకొనియున్న గ్రాహకములను తాకును. ఆ తాకిడియే కండరమునకు ఆజ్ఞ. త్రాచు విషములోని ఒక ప్రోటీను ఈ గ్రాహకములను పట్టుకొని ఆజ్ఞను అందనీయదు. మయస్తీనియా రోగి నెత్తుటిలో తిరుగు ప్రతిరక్షకములు, అనగా సూక్ష్మజీవులను పట్టుటకై దేహము చేసికొను ప్రోటీనులు, దారి తప్పి ఆ గ్రాహకములనే పట్టి పాడుచేయును. 1934లో ఇంగ్లండులోని గ్రీనిచ్‌లో, సెయింట్ ఆల్ఫేజ్ ఆసుపత్రియందు పనిచేయుచున్న మేరీ వాకర్ అను వైద్యురాలు, ఈ వ్యాధి లక్షణములు బాణముల మొనలకు పూయు క్యురారే విషపు లక్షణములను పోలియుండుట గమనించి, ఆ విషమునకు విరుగుడైన ఫైసోస్టిగ్మిన్‌ను సూదితో ఇచ్చి చూడగా రోగి రెప్పలు లేచినవి. దానికి చుట్టమైన నియోస్టిగ్మిన్‌ను నేటికిని త్రాచు కఱచినవారికి, పాము విరుగుడు మందునకు తోడుగా, అట్రోపిన్‌తో కలిపి ఇచ్చుచున్నారు.

కట్లపాము కాటునందు ఈ మందు అంతగా పనిచేయదు. ఏలయన దాని విషము ముఖ్యముగా నరపు కొసనే దెబ్బతీయును. అయినను ఆ పాముల కుటుంబము ఈ శోధనకు చేసిన ఉపకారము గొప్పది. కోరమాండలు తీరమున పాములను సేకరించి వర్ణించిన పాట్రిక్ రస్సెల్, 1796లో వెలువడిన తన గ్రంథమున, బంగారుపాము అను తెలుగుపేరుతోనే నమోదుచేసిన సర్పపు ప్రజాతికి చెందినదే తైవాను ద్వీపపు కట్లపాము. దాని విషమునుండి 1963లో చాంగ్, లీ అను శాస్త్రజ్ఞులు వేరుచేసిన ఆల్ఫా-బంగారోటాక్సిన్, ఎసిటైల్‌కొలీన్ గ్రాహకమునకు తప్ప కండరమున మరి దేనికిని అంటుకొనదు. కావున దానికి రేడియోధార్మికతను జోడించి కండరపు తునుకపై వేసినచో ఎన్ని గ్రాహకములున్నవో లెక్కింపవచ్చును. 1973లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో ఫాంబ్రో, డ్రాక్‌మన్, సత్యమూర్తి అనువారు ఇట్లు లెక్కించి, మయస్తీనియా రోగుల కండరములలో గ్రాహకములు మిక్కిలి తక్కువగా నుండుటను కనుగొనిరి. ఆ యేడే కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థయందు జిమ్ పాట్రిక్, జాన్ లిండ్‌స్ట్రమ్ అనువారు, విద్యుత్తును వెదజల్లు ఈల్ చేపనుండి తీసిన గ్రాహకమును, దానికి ప్రతిరక్షకములు పుట్టించు తలంపుతో, కుందేళ్లకు ఎక్కించిరి. ప్రతిరక్షకములు పుట్టినవి, కాని కుందేళ్లు మెడలు వాల్చి కాళ్లు చాపి నేలకు జారబడినవి, మయస్తీనియా రోగులకిచ్చు మందునే సూదితో ఇచ్చినంతనే లేచి కూర్చుండినవి. దేహము తన గ్రాహకముపై తానే ప్రతిరక్షకములను చేసికొనుటయే ఈ వ్యాధి యని అప్పుడు రూఢియైనది.

ఇంతకును థైమస్ ఈ కథలోనికి అంతకుముందే ప్రవేశించినది. 1936లో ఆల్ఫ్రెడ్ బ్లేలాక్ అను శస్త్రవైద్యుడు మయస్తీనియాతో బాధపడుచున్న ఒక యువతికి థైమస్‌లో పెరిగిన కణితిని కోసి తీసివేయగా, ఆమె వ్యాధి నెమ్మదించెను. రొమ్ములోని గ్రంథిని తీసిన కంటి రెప్ప ఎట్లు లేచెనో చెప్పగలిగినవాడు ఆనాడు లోకమున లేడు. ఏలయన థైమస్ ఎందులకున్నదో తెలిసినవాడే లేడు.

ఆ తెలియమి వలన జరిగిన కీడు తలచుకొన్న మనసు కలగును. థైమస్ పసితనమున పెద్దదిగా నుండి, యౌవనారంభము వరకు పెరిగి, అటుపిమ్మట క్రమముగా క్రొవ్వుగా మారి కృశించును. గత శతాబ్దపు ఆరంభమున శవపరీక్షకు వచ్చిన దేహములు చాలవరకు దీర్ఘరోగములతో చిక్కి మరణించిన నిరుపేదలవి. వ్యాధి థైమస్‌ను మఱింత కుదించును. కావున వైద్యులు ఆ కుదించుకొనిపోయిన పరిమాణమునే సహజమనుకొని, నిదురలో అకస్మాత్తుగా మరణించిన ఆరోగ్యవంతులైన శిశువులలో కనబడిన నిండైన గ్రంథిని రోగమని నిర్ణయించి, అది గొంతు నొక్కి చంపుచున్నదని భయపడి, వేలకొలది పసిపిల్లల రొమ్ములపై ఎక్సురేలు ప్రసరింపజేసిరి. ఆ పిల్లలలో కొందరికి పెద్దయైన పిదప థైరాయిడ్ కేన్సరు వచ్చినట్లు 1950 నాటికి గమనించిరి. ప్రయోజనము తెలియని అవయవమును నిష్ప్రయోజనమని తలచు తొందరపాటుకు ఇంతకంటె విచారకరమైన ప్రకరణము వైద్యచరిత్రలో నాకు కానరాదు.

ఆ చీకటి విడిపోయినది 1961లో. లండనులోని చెస్టర్ బీటీ పరిశోధన సంస్థకు చెందిన జాక్ మిల్లర్, నగరము వెలుపల పాత గుఱ్ఱపుసాలలో పెంచుచున్న ఎలుకల పిల్లలకు, పుట్టిన కొద్ది గంటలకే, థైమస్‌ను తీసివేసెను. అవి కొన్ని వారములు పెరిగి పిమ్మట చిక్కి శల్యములై అంటురోగములతో మరణింపసాగెను. వాని రక్తమున లింఫోసైటు కణములు సన్నగిల్లెను. పరజాతి ఎలుక చర్మమును అంటించినను అవి దానిని నిరాకరింపవాయెను. దేహరక్షణకు ప్రధానమైన ఒక కణజాతి ఈ గ్రంథిలోనే పరిణతి చెందుచున్నదని అట్లు తేలెను. థైమస్ ఆంగ్లపు పేరులోని తొలి అక్షరమే ఆ కణములకు అంకితమై అవి టి-కణములైనవి.

ఎముకల మూలుగలో పుట్టి నెత్తుటివెంట థైమస్‌ను చేరు మూలకణములు, అచ్చట తమ గ్రాహకమును తామే నిర్మించుకొనును. ఈ నిర్మాణము ముందుగా వ్రాసియుంచిన నమూనాను బట్టి జరుగదు. జన్యువుల తునుకలు యాదృచ్ఛికముగా కలిసి ఒక్కొక్క కణమునకు ఒక్కొక్క విధమైన గ్రాహకము ఏర్పడును. ఇంకను భూమిపై పుట్టని సూక్ష్మజీవిని సైతము గుర్తింపగల కణము మనలో నొకటి ఉండుటకు ఈ యాదృచ్ఛికతయే కారణము. మన కండరమును, మన క్లోమమును, మన థైరాయిడును శత్రువని పట్టుకొను కణము పుట్టుటకును ఇదియే కారణము. కావున థైమస్ పని కణములను పెంచుట కంటె ఏరుటయందే ఎక్కువగా నున్నది. అచ్చట జనించు కణములలో నూటికి 95కు పైగా ఆ గ్రంథిని దాటి వెలుపలికి రాకయే నశించును.

ఏరుటకు ప్రమాణము సంకేతపు బలము. గ్రంథి వెలిపొరలో నున్న కణములు దేహపు సొంత ప్రోటీను తునుకలను తమ ఉపరితలమున ధరించి ఎదుట నిలుచును. బాల టి-కణపు గ్రాహకము వానిని తాకినప్పుడు కణములోనికి కాల్షియము ప్రవేశించి, ఒక ఎంజైము మఱియొకదానిని మేల్కొలుపుచు, వార్త కేంద్రకము వరకు పోవును. కాలువ శివారు పొలము నీరందక ఎండును, మురుగుకాలువ ప్రక్కనున్న పల్లపు చేను ముంపునకు కుళ్ళును, నడిమి చేను పండును. డెల్టా రైతుకు చెప్పనక్కరలేని ఈ సత్యమే థైమస్‌లోనిదియు. సంకేతమేమియు అందని కణము ఎందులకును పనికిరానిదై ఎండిపోవును. స్వకీయ ప్రోటీనును అతి గట్టిగా పట్టుకొని తీవ్ర సంకేతమును పొందిన కణము ఆత్మహత్యకు ప్రేరేపింపబడి నశించును. మందముగా, మితముగా స్పందించినది బ్రతుకును. తీవ్రతకును మితమునకును నడుమనున్న సన్నని పట్టీలో పడిన కొన్ని కణములు మాత్రము చావక, నియంత్రక కణములుగా మారి, జీవితాంతము తక్కిన టి-కణముల ఆవేశమును అణచుచుండును.

ఇచ్చట శాస్త్రజ్ఞులను చిరకాలము వేధించిన చిక్కొకటి కలదు. ఇన్సులిన్ క్లోమమున పుట్టును, థైరోగ్లోబ్యులిన్ థైరాయిడున పుట్టును. రొమ్ములో కూర్చున్న థైమస్ వానిని బాల కణములకు ఎట్లు చూపగలదు? సమాధానము ఫిన్లండులో నెక్కువగా కనబడు ఒక అరుదైన వంశపారంపర్య వ్యాధినుండి దొరకెను. ఆ వ్యాధియందు పిల్లలకు నోటిలో విడువని బూజుపుండ్లు పడి, పిమ్మట పారాథైరాయిడు, ఎడ్రినల్ గ్రంథులు ఒకదాని వెంట నొకటి నశించును. దానికి మూలమైన లోపము ఎయిర్ అను జన్యువున నున్నదని 1997లో రెండు పరిశోధక బృందములు వేర్వేరుగా కనుగొనినవి. థైమస్ లోపొరలోని ఎపిథీలియల్ కణములలో ఈ జన్యువు మేల్కొని, కన్ను, కాలేయము, క్లోమము, చర్మము మొదలైన అవయవములకు పరిమితమైన వేలకొలది ప్రోటీనులను అచ్చటనే కొద్దికొద్దిగా తయారుచేయించును. ఈ జన్యువు లేని ఎలుకల అవయవములపై వాని టి-కణములే దండెత్తుటను డయేన్ మాథిస్, క్రిస్టఫ్ బెన్వా బృందము 2002లో చూపినది. 2022లో అదే బృందము, ఆ లోపొరయందు కొన్ని కణములు కండర కణముల పోలికను, కొన్ని చర్మపు పోలికను, కొన్ని ప్రేగుల పోలికను దాల్చి నిలిచియుండుటను కనుగొనినది.

ఆ ఎపిథీలియల్ కణములు సైతము ఒంటరిగా ఈ పనికి సిద్ధము కాలేవు. బాల టి-కణములు పంపు రాంక్-లైగాండ్ అను సంకేతము అందినపుడే అవి పరిణతి చెంది ఎయిర్ జన్యువును మేల్కొలుపును. పరీక్షింపబడుచున్నవే పరీక్షించువానిని సిద్ధపఱచుట! ప్రకృతిలోని ఈ పరస్పరాధీనతను చదివిన ప్రతిసారియు నాకు ఆశ్చర్యము తగ్గలేదు.

మఱొక సంకేతము ఇంటర్‌ఫెరాన్. వైరసు సోకినపుడు కణములు తమ చుట్టముల నెల్ల హెచ్చరించుటకు విడుచు ప్రోటీను ఇది. ఇది తాకిన కణము సాధారణ సమయమున లేని వందలకొలది స్వకీయ ప్రోటీనులను తయారుచేయును. జ్వరవేళయందు మాత్రమే కనబడు ఆ ప్రోటీనులను టి-కణములు ముందెన్నడును చూడనిచో, వానిని పరాయివని తలచి, జలుబు చేసిన ప్రతిసారియు దేహముపైననే విరుచుకుపడవలసినదే గదా! కాని థైమస్ లోపొరలోని కణములు, ఏ అంటురోగమును లేనప్పుడు సైతము, ఇంటర్‌ఫెరాన్‌ను మితముగా విడుచుచునే యుండునని కొన్ని యేండ్లుగా ఎలుకలయందు జరిగిన పరిశోధనలు తెలుపుచున్నవి. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున క్రిస్టిన్ హోగ్‌క్విస్ట్ బృందము చేసిన కృషి వీనిలో ముఖ్యమైనది. రోగము రాకమునుపే రోగకాలపు దేహమును బాల కణములకు చూపి, దానిని ద్వేషించువానిని ముందే తొలగించుట ఇందలి పరమార్థము.

ఆ సంకేతమే మితము తప్పినచో ఏమగునో మయస్తీనియా రోగి థైమస్ చూపుచున్నది. శస్త్రచికిత్సలో తీసిన ఆ గ్రంథిని పలుచని పొరలుగా కోసి రంగులు వేసి సూక్ష్మదర్శినిలో చూచినచో, ముఖ్యముగా వ్యాధి యౌవనమున వచ్చిన స్త్రీలలో, ఆరోగ్యవంతులలో అరుదుగా నుండు, బి-కణములు అను మఱొక రక్షణకణజాతి గుంపులు గుండ్రని కేంద్రములుగా పెరిగి, ప్రతిరక్షకములను తయారుచేయుచుండుట కనబడును. ఆ ప్రక్కనే కండరమును పోలిన మయాయిడ్ కణములు ఎసిటైల్‌కొలీన్ గ్రాహకములను ధరించియుండును. ఆ గ్రంథియందు ఇంటర్‌ఫెరాన్ సంకేతము అధికమై యుండుటను పారిస్ పరిశోధకులు గమనించిరి. సహనమును నేర్పుటకు ప్రదర్శించిన గ్రాహకమే, సంకేతము పెచ్చుపెరిగినచోట, పగకు గుఱియగుచున్నది. థైమస్ కణితియందు కథ వేరు: ఆ కణితి టి-కణములను పుట్టించును గాని దానిలో ఎయిర్ జన్యువు చాలవరకు మేల్కొనదు, ఏరువారు లేని కణములు వెలుపలికి పోవును. బ్లేలాక్ తీసివేసినది ఇట్టి కణితినే. 2007లో వెలువడిన ఒక పరిశోధన మఱింత సూక్ష్మముగా, గ్రాహకపు జన్యువునకు ముందున్న ఒకే యొక అక్షరపు భేదము వలన థైమస్‌లో ఆ గ్రాహకపు ప్రదర్శన తగ్గుననియు, అట్టి భేదము గల రోగులకు మయస్తీనియా చిన్నవయసుననే వచ్చుననియు తేల్చినది.

థైమస్ ఎంత ఏరినను కొన్ని కణములు తప్పించుకొనును. వానిని అదుపుచేయునవి ముందు చెప్పిన నియంత్రక కణములు. 1995లో షిమోన్ సకగూచి వీనిని గుర్తించెను; 2001లో మేరీ బ్రంకోవ్, ఫ్రెడ్ రామ్స్‌డెల్ అనువారు వీనికి ప్రాణమైన ఫాక్స్‌పి3 జన్యువును కనుగొనిరి. ఈ ముగ్గురికిని 2025 నోబెల్ బహుమానము లభించినది.

2022 అక్టోబరులో నటి సమంత తనకు మయోసైటిస్ అను కండరవ్యాధి యున్నదని స్వయముగా ప్రకటించిన పిదప, ఆటోఇమ్యూన్, అనగా దేహమే తనపై దండెత్తుట, అను మాట తెలుగు ఇండ్లలో వినబడసాగెను. అంతకు చాల ముందే ఈ జాతి వ్యాధులకు మందొకటి మన తెలుగువాని చేతిమీదుగ లోకమునకు అందినది: 1895లో భీమవరమున జనించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున రూపొందిన మెథోట్రెక్సేట్, మొదట కేన్సరు మందై, నేడు కీళ్లవాతమునకు ప్రథమౌషధమై, విజయవాడ మందులషాపులలో దొరకుచున్నది. అది విభజన చెందు కణముల నెల్ల మందగింపజేయునది. దోషియైన కణమును మాత్రమే ఎన్నుకొనదు. సంకేతమును గుఱిచూచి అడ్డగించు మందులు ఇప్పుడు వచ్చుచున్నవి. ఎయిర్ జన్యులోపము గలవారి అవయవములలో గామా-ఇంటర్‌ఫెరాన్ మితిమీరియుండుటను కనుగొనిన అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పరిశోధకులు, ఆ సంకేతమును ఆపు రక్సోలిటినిబ్ అను మాత్రను ఐదుగురు రోగులకిచ్చి మేలు చేకూరెనని 2024లో ప్రకటించిరి.

ఇక తీసివేయుట సంగతి. బ్లేలాక్ ఆరంభించిన శస్త్రచికిత్స నిజముగా మేలు చేయునా యను సందేహము 80 యేండ్లు నిలిచి, 2016లో తీరినది: కణితి లేని 126 మంది రోగులను మూడేండ్లు పరిశీలింపగా, మందులతోపాటు థైమస్ తీసినవారికి కేవలము మందులు వాడినవారికంటె బలము హెచ్చినది, మందు మోతాదు తగ్గినది. దారి తప్పిన గ్రంథి పోవుట మేలే. కాని మంచి గ్రంథి పోయినచో? 2023లో బోస్టను పరిశోధకులు, పెద్దవయసున ఏదో కారణమున థైమస్ తీయబడినవారిని, రొమ్ము కోత జరిగినను థైమస్ నిలిచినవారితో పోల్చి చూచిరి. ఐదేండ్లలో మరణించినవారు మొదటి వర్గమున నూటికి 8.1, రెండవ వర్గమున 2.8. ముందుగా ఆటోఇమ్యూన్ వ్యాధి లేనివారిని వేరుగా చూచినప్పుడు, అట్టి వ్యాధులు క్రొత్తగా వచ్చుటయు థైమస్ పోయినవారిలోనే ఎక్కువ. పెద్దలలో ఎండిపోయినదనుకొన్న గ్రంథి ఇంకను పని చేయుచునే యున్నదన్న మాట.

ఈ విషయము విజయవాడకు దూరమైనది కాదు. నీలిరంగు తిరిగిన పసిబిడ్డల గుండెకు 1944లో మొట్టమొదటి శస్త్రచికిత్స చేసినవాడును ఆ బ్లేలాకే. ఆనాడు లోకమున కొద్దిచోట్ల మాత్రమే సాధ్యమైన శిశుహృదయ శస్త్రచికిత్సలు నేడు విజయవాడ ఆసుపత్రులలో జరుగుచున్నవి. పల్లెటూళ్ల బీదబిడ్డలు వానివలన బ్రతుకుచున్నారు. రొమ్ముటెముకను చీల్చినంతనే గుండెకు అడ్డముగా గులాబివన్నె దళసరి థైమస్ కనబడును. గుండెను చేరుటకు దానిని పూర్తిగానో కొంతగానో తీయుట లోకమంతటను వాడుక. ఆపదలోనున్న బిడ్డకు ప్రాణమే ముఖ్యమని ఎవరును కాదనరు. కాని శైశవమున థైమస్ పోయిన వారిని స్వీడనులో పెద్దవారగువరకు లెక్కించి చూడగా, థైరాయిడ్ మందగించుట, ఇన్సులిన్ కావలసిన మధుమేహము వారిలో ఎక్కువగా కనబడినవి. అందువలన కొందరు శస్త్రవైద్యులు గ్రంథిని సమూలముగ తీయక, వీలైనచోట ఒక భాగమునైనను దాని రక్తనాళముతో సహా విడుచుచున్నారు. అట్లు విడిచిన భాగము కొందరు బిడ్డలలో మరల ఎదిగి టి-కణములను పంపుచుండుట కనుగొనబడినది. బిడ్డకు గుండె ఆపరేషను చేయింపబోవు తల్లిదండ్రులు, థైమస్‌ను ఎంతవరకు నిలుపగలరని వైద్యుని ముందుగా అడిగి తెలిసికొనవచ్చును.